పోలీసు సాంకేతికత, వ్యక్తిగత గోప్యత: నల్లగొండ, సూర్యాపేట జిల్లాలు

నేరాన్ని నివారించడానికి, జరిగిన నేరాన్ని ఛేదించి కోర్టులో రుజువు చేయడానికి పోలీసులు వాడే పరికరాలు, సాఫ్ట్‌వేర్లు, సమాచార నిధులు అన్నిటినీ కలిపి పోలీసు సాంకేతికత అంటారు. సీసీ కెమెరాలు, వేలిముద్రల స్కానర్లు, ఫోన్ కాల్ వివరాల విశ్లేషణ, ముఖ గుర్తింపు, డీఎన్‌ఏ పరీక్ష, ఈ-చలానా ఇందులోకి వస్తాయి. వ్యక్తిగత గోప్యత అంటే తన శరీరం, ఇల్లు, రాకపోకలు, మాటలు, కాగితాల గురించి ఎవరికి ఎంత తెలియాలో తానే నిర్ణయించుకునే హక్కు. సమాచారం ఎంత ఎక్కువ దొరికితే దర్యాప్తు అంత సులువవుతుంది. దొరికిన సమాచారం ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, ఏ పనికి ఉంటుందన్న ప్రశ్న దగ్గర గోప్యత మొదలవుతుంది. తెలంగాణలో పరికరాలు వేగంగా వచ్చాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే నియమాలు అంత వేగంగా రాలేదు.

ప్రాంత నేపథ్యం

ఉమ్మడి నల్లగొండ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా విడిపోయింది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి ఆ పట్టణం మీదుగా సాగుతుంది. హైదరాబాద్ నుంచి కొండమల్లేపల్లి మీదుగా నాగార్జున సాగర్‌కు వెళ్లే దారిలో పెద్దవూర మండల కేంద్రం ఉంది. కోదాడ దగ్గర రామాపురం క్రాస్ రోడ్డు, మిర్యాలగూడ దిగువన వాడపల్లి, పెద్దవూర అవతల సాగర్ డ్యాం దాటితే ఆంధ్రప్రదేశ్. ఒక చోట నేరం చేసి గంటలో రాష్ట్రం దాటిపోగల ప్రాంతం కాబట్టి ఇక్కడి దర్యాప్తుల్లో రోడ్డు మీది ఆధారాలే కీలకమవుతాయి. టోల్‌గేటు దృశ్యాలు, ఫాస్టాగ్ వివరాలు, సెల్ టవర్ల సమాచారం మొదట తెప్పించుకునేది అందుకే.

చరిత్ర

యంత్రాలు రాకముందూ నిఘా ఉంది, దానికి రిజిస్టర్లూ ఉన్నాయి. ఠాణాల్లో రౌడీషీట్లు, హిస్టరీ షీట్లు తెరిచి, అందులోని మనుషుల రాకపోకలు రాసుకోవడం పాత పద్ధతి. షీటు తెరవడం సులువు, మూయించుకోవడం కష్టం. కంప్యూటర్ రికార్డుల మీద నేడు వినిపించే ఫిర్యాదు ఆనాటి కాగితపు రికార్డుల మీదా ఉన్నదే.

వేలిముద్రలతో నేరస్థులను గుర్తించే కార్యాలయం 1897లో కలకత్తాలో మొదలైంది. ఖైదీల గుర్తింపు చట్టం 1920లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఠాణా రికార్డులను కంప్యూటర్లకు ఎక్కించే తొలి పెద్ద ప్రయత్నం ఈ-కాప్స్. 2009లో ఆమోదం పొందిన సీసీటీఎన్‌ఎస్ దేశంలోని ఠాణాలను ఒకే వ్యవస్థలోకి తెచ్చే పథకం.

సీసీ కెమెరాల విషయంలో మలుపు 2013. ఆ ఏడాది ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. అదే ఏడాది ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా గుమిగూడే దుకాణాలు, హాళ్లు, ప్రార్థన స్థలాలు, విద్యాసంస్థలు, ఆసుపత్రుల వంటివి సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దీన్ని స్వీకరించింది. తర్వాత ‘నేను సైతం’ పేరుతో కాలనీలు, గ్రామాలు, వ్యాపారులు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించే కార్యక్రమం ఊరూరా నడిచింది. ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానమన్న మాట ప్రతి ప్రారంభోత్సవంలో వినిపించేది.

2018 జనవరిలో టీఎస్‌కాప్ యాప్ పోలీసుల ఫోన్లలోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో దానికి ముఖ గుర్తింపు తోడైంది. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. రాష్ట్రంలోని కెమెరాలను ఒక చోటి నుంచి చూడగలగడం దాని ఉద్దేశాల్లో ఒకటి. 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఏర్పడింది.

పద్ధతులు, పనితీరు

సీసీ కెమెరాలు

గ్రామంలో సాధారణంగా కనిపించే ఏర్పాటు చిన్నదే. కూడలిలో కరెంటు స్తంభానికి నాలుగు కెమెరాలు, ఒక కేబుల్, చివర పంచాయతీ ఆఫీసులోనో దుకాణంలోనో ఠాణాలోనో ఒక రికార్డర్. అందులోని హార్డ్ డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడతాయి. డిస్కు సైజును, కెమెరాల సంఖ్యను బట్టి రెండు మూడు వారాల్లోనో నెలలోనో రికార్డు దానంతట అదే చెరిగిపోతుంది. ఫిర్యాదు ఆలస్యమైతే ఆధారం పోయేది ఇక్కడే. కరెంటు పోయిన సమయం, బల్లి చేరిన కెమెరా కన్ను, కోతులు తెంపిన తీగ కూడా దర్యాప్తు మీద ప్రభావం చూపుతాయి.

ఇంకో సూక్ష్మం ఉంది. రికార్డరులోని గడియారం చాలాచోట్ల అసలు సమయానికి కొన్ని నిమిషాలు ముందో వెనకో ఉంటుంది. అనుభవమున్న దర్యాప్తు అధికారి ముందుగా తన ఫోన్‌లోని సమయాన్ని తెరమీది సమయంతో పోల్చి, తేడాను పంచనామాలో రాస్తాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే, నిందితుడు ఆ సమయంలో వేరే చోట ఉన్నాడని వాదించేందుకు డిఫెన్సు లాయరుకు దారి దొరుకుతుంది. దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ అందులో ఉండాలి. పాత చట్టంలో ఇది 65బి సెక్షను.

వేలిముద్రలు

ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీం పొడి చల్లి ఎత్తిన ముద్రను నిధిలోని ముద్రలతో కంప్యూటర్ పోలుస్తుంది. చివరి మాట నిపుణుడిదే. తెలంగాణ పోలీసులు 2017 నుంచి పాపిలాన్ అనే వ్యవస్థను వాడుతున్నారు. చేతిలో ఇమిడే స్కానర్ మీద వేలు పెట్టించి, ఆ మనిషి పాత నేరస్థుడా కాదా అన్నది రోడ్డు మీదే చూసే సౌకర్యం దీనితో వచ్చింది. 2022 నుంచి నఫిస్ పేరుతో జాతీయ స్థాయి నిధి కూడా ఉంది.

ఫోన్ ఆధారాలు

కాల్ వివరాల్లో మాటలు ఉండవు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు కింద అన్నవి ఉంటాయి. ఒక వ్యక్తి నంబరు తెలిస్తే ఆ నంబరు వివరాలు అడుగుతారు. ఎవరో తెలియకపోతే, ఘటన జరిగిన వేళకు ఆ టవరు కింద పనిచేసిన ఫోన్లన్నిటి జాబితా తీస్తారు. దీన్నే టవర్ డంప్ అంటారు. జాతీయ రహదారి పక్కన ఒక అర్ధగంట డంప్ తీస్తే అందులో నిందితుడి నంబరు ఒకటి ఉంటే, ఆ దారిన పోయిన బస్సుల ప్రయాణికులు, ధాబాలో టీ తాగిన డ్రైవర్లు, పక్క ఊరి రైతుల నంబర్లు వందల్లో ఉంటాయి. తమ నంబరు ఒక హత్య కేసు ఫైలులో చేరిందని వారికి ఎన్నడూ తెలియదు.

ఫోన్ పోయినప్పుడు ఇదే సాంకేతికత సామాన్యుడికి మేలు చేస్తుంది. 2023లో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ పోర్టల్‌లో 15 అంకెల ఐఎంఈఐ నంబరుతో ఫిర్యాదు చేస్తే ఫోన్‌ను బ్లాక్ చేసి, కొత్త సిమ్ పడిన వెంటనే జాడ పడతారు. సైబర్ మోసంలో డబ్బు పోతే 1930 హెల్ప్‌లైన్‌కు వెంటనే ఫోన్ చేయడం వల్ల ఆ సొమ్మును దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది.

ముఖ గుర్తింపు

కళ్ల మధ్య దూరం, ముక్కు, దవడ ఆకృతి వంటి లక్షణాలను సాఫ్ట్‌వేర్ అంకెల వరుసగా మారుస్తుంది. రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో శాతంలో చెబుతుంది. అవునని గానీ కాదని గానీ అది తేల్చదు. ఎంత శాతం దాటితే సరిపోయినట్టు లెక్కించాలో నిర్ణయించేది మనిషి. 80 శాతం దాటితే సరిపోయినట్టు చూస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో సమాచార హక్కు కింద జవాబిచ్చారు.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి, కలిపి చూస్తే గందరగోళం. మీ ముఖం మీ ఆధార్ ఫోటోతో సరిపోయిందా అని చూడటం ఒకటి. ఈ ముఖం లక్షల ముఖాల్లో ఎవరిది అని వెతకడం రెండోది. పోలీసులకు ఎక్కువగా కావలసింది రెండోదే, పొరపాటు ఎక్కువగా జరిగేదీ అందులోనే. వెయ్యికి ఒక్కటి తప్పే యంత్రాన్ని రోజుకు 20,000 మంది దిగే బస్టాండులో పెట్టారనుకుంటే, రోజుకు 20 మంది అమాయకుల ముఖాలు అనుమానితుల జాబితాలో పడతాయి. అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, చాలా సాఫ్ట్‌వేర్లు ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాల విషయంలో ఎక్కువగా పొరబడుతున్నాయని తేలింది.

మేలు చేసిన ఉదాహరణ దర్పణ్. తప్పిపోయిన పిల్లల ఫోటోలను బాలల గృహాల్లోని పిల్లల ఫోటోలతో పోల్చడానికి తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన సాధనం ఇది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక బాలుడు అస్సాంలోని గృహంలో ఉన్నాడని 2020లో ఇది పట్టింది.

డీఎన్‌ఏ

డీఎన్‌ఏ పరీక్షకు దేశంలో పుట్టినిల్లు హైదరాబాద్. సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేసింది. తర్వాత దానికోసం సీడీఎఫ్‌డీ ప్రత్యేక సంస్థగా ఏర్పడింది. డీఎన్‌ఏ నిధులను నియంత్రించేందుకు తెచ్చిన 2019 బిల్లును కేంద్రం 2023లో ఉపసంహరించుకుంది. (చూ. ఫోరెన్సిక్ శాస్త్రం.)

దర్యాప్తుల్లో ఉపయోగం

సూర్యాపేట, 2015

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట హైటెక్ బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో దుండగులిద్దరూ మరణించారు. పోలీసుల వైపు మరో కానిస్టేబులు అక్కడే ప్రాణం కోల్పోయారు. గాయపడిన ఎస్సై తర్వాత మరణించారు. మొదట దోపిడీ ముఠా అనుకున్న ఆ ఇద్దరూ 2013 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమి సభ్యులని తర్వాత తేలింది. వేరే రాష్ట్రంలో వెతుకుతున్న మనిషి సీట్లో కూర్చుని ఉన్నా, టార్చిలైటుతో బస్సెక్కిన పోలీసుకు ఆ సంగతి తెలిసే దారి ఆ రాత్రి లేదు. చేతి స్కానర్లకు, ఉమ్మడి సమాచార నిధులకు మద్దతుగా పోలీసులు చెప్పే కారణాలన్నిటిలో బలమైనది ఇదే.

మిర్యాలగూడ, 2018

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యకు పరీక్ష చేయించి ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుడిని వెనక నుంచి వచ్చిన వ్యక్తి కత్తితో నరికి చంపాడు. కులాంతర వివాహం మీద కక్షతో సుపారీ ఇచ్చి చేయించిన హత్య అది. ఆసుపత్రి సీసీ కెమెరాలో మొత్తం రికార్డయింది. హంతకుడి కదలికలు తెలుసుకోవడానికి, కోర్టులో నేరం నిరూపించడానికి ఆ దృశ్యాలు, ఫోన్ ఆధారాలు తోడ్పడ్డాయి. 2025 మార్చి 10న నల్లగొండలోని ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది.

అదే దృశ్యం ఆ వారమంతా టీవీ చానళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కోర్టుకు చేరవలసిన ఆధారం ఒక భార్య, ఒక తల్లి కళ్ల ముందు మళ్లీ మళ్లీ ఆడింది. వారిని ఎవరూ అనుమతి అడగలేదు. సీసీ కెమెరా న్యాయానికి ఎంత మేలు చేయగలదో, దృశ్యం బయటపడితే ఎంత గాయం చేయగలదో ఒకే కేసులో కనిపిస్తుంది.

గోప్యతపై అభ్యంతరాలు

పొరపాటు గుర్తింపు. 2023 జనవరిలో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన వ్యక్తి పోలికలు ఉన్నాయన్న అనుమానంతో ఒక దినసరి కూలీని పట్టుకున్నారు. అతను కాదని తేలాక వదిలేశారు. కస్టడీలో తీవ్రంగా కొట్టారని ఆరోపించిన ఆయన ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయారు. పోలీసులను సస్పెండ్ చేశారు, తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ‘కెమెరాలో పడ్డాడు’ అన్న మాట విన్నాక ఇంకెవరూ మారుమాట అడగరు. తెరమీది పోలికను సాక్ష్యంగా కాక నేరనిర్ధారణగా తీసుకోవడమే అసలు ప్రమాదం. యంత్రం శాతాలతో చెప్పే పోలిక ఈ ప్రమాదాన్ని పెంచుతుంది, ఎందుకంటే అంకెకు మాట కంటే ఎక్కువ నమ్మకం దక్కుతుంది.

చట్టం లేని సేకరణ. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్ పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగి, ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీశారు. ఏ చట్టం కింద తీశారని ఆయన హైకోర్టులో పిటిషన్ వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. ముఖ గుర్తింపు వాడకాన్ని దేశంలో కోర్టులో సవాలు చేసిన తొలి కేసుల్లో ఇదొకటి. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు బాటసారుల ఫోన్లు తీసుకుని గంజాయి అన్న మాట కోసం వాట్సాప్ చాట్లు వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున కాలనీ చుట్టుముట్టి ఇంటింటికీ వెళ్లి బండి కాగితాలు, ఆధార్ చూడటం మీదా ఇదే అభ్యంతరం ఉంది. సోదా అనుమానితుడిదా, వీధి మొత్తానిదా?

సమాచార భద్రత. 2024 మే, జూన్ నెలల్లో తెలంగాణ పోలీసుల హాక్‌ఐ, టీఎస్‌కాప్ యాప్‌ల సమాచారం చోరీ అయి ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చింది. గ్రేటర్ నోయిడాకు చెందిన ఒక విద్యార్థిని సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసింది. హాక్‌ఐ 2014 చివరలో పౌరుల కోసం తెచ్చిన యాప్. ఆపదలో ఉన్న ఆడపిల్లలు సాయం కోసం నొక్కే ఎస్ఓఎస్ మీట అందులో ఉంది. భద్రత కోసం ఇచ్చిన ఫోన్ నంబరు, చిరునామా అంగట్లో పడితే నష్టపోయేది పోలీసులను నమ్మిన మనిషే.

ఫోన్ ట్యాపింగ్. తెలంగాణ ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగంలో రాజకీయ నాయకులు, పాత్రికేయులు, వ్యాపారులు తదితరుల ఫోన్లను అక్రమంగా విన్నారని, ఎన్నికల ఫలితాల మరుసటి రోజు, 2023 డిసెంబరు 4 రాత్రి హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని 2024 మార్చిలో కేసు నమోదైంది. అధికారులు అరెస్టయ్యారు. ఇవి ఇంకా ఆరోపణలే, రుజువు కావలసి ఉంది.

చట్టాలు, తీర్పులు

గోప్యత మీద ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేసి పట్టుకుపోవచ్చని రాసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ వర్సెస్ కెనరా బ్యాంక్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. గోప్యత మనుషులకు ఉంటుంది, స్థలాలకు కాదని, బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన పత్రం మీద గోప్యత పోదని చెప్పింది. కాల్ వివరాలు టెలికాం కంపెనీ దగ్గర, వాహనం జాడ ఫాస్టాగ్ బ్యాంకు దగ్గర ఉండే ఈ రోజుల్లో ఆ సూత్రం అప్పటికంటే ఎక్కువ పనికొస్తుంది.

అంతకుముందు 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసులు రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టే నిఘాను సుప్రీంకోర్టు కొట్టేసినా గోప్యతను హక్కుగా గుర్తించలేదు. 1996లో పీయూసీఎల్ కేసులో ఫోన్ ట్యాపింగ్‌కు హద్దులు పెట్టింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు, దాన్ని చూసే సమీక్ష కమిటీ అప్పటి నుంచి వచ్చినవే. 2017 ఆగస్టు 24న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. దాన్ని పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే పరిమితి ఉండాలి. (చూ. ప్రాథమిక హక్కులు, 21వ అధికరణం.)

2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం 1920 చట్టం స్థానంలో వచ్చింది. వేలిముద్రలతో పాటు కనుపాప స్కాన్, కొన్ని కేసుల్లో జీవ నమూనాలు తీసుకోవచ్చు. రికార్డు 75 ఏళ్లు ఉంటుంది. అంతకుముందు శిక్ష పడని వ్యక్తి నిర్దోషిగా తేలితే, కోర్టు వేరుగా ఆదేశిస్తే తప్ప, తొలగించాలి. భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 105వ సెక్షను సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలంటుంది. అదే సంహిత, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలంటుంది. ఇవి పోలీసు పనికి క్రమశిక్షణ తెచ్చే నిబంధనలు. సోదాలో ఏం దొరికిందన్న వివాదానికి వీడియో సమాధానం చెబుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నేర నివారణ, దర్యాప్తు కోసం జరిగే సమాచార వాడకానికి చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇస్తుంది. నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు ఇంకా విస్తృత మినహాయింపు ఉంది. ముఖ గుర్తింపు కోసమే ప్రత్యేకంగా రాసిన చట్టం దేశంలో లేదు.

ఇతర దేశాల్లో

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2019లో పోలీసుల ముఖ గుర్తింపును నిషేధించింది. 2020లో బ్రిటన్ అప్పీలు కోర్టు సౌత్ వేల్స్ పోలీసుల వాడకం చట్టవిరుద్ధమని తేల్చింది. ఎవరిని వెతకాలో, ఎక్కడ వాడాలో అధికారి ఇష్టానికి వదిలేయడమే కోర్టు పట్టుకున్న లోపం. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం బహిరంగ స్థలాల్లో అప్పటికప్పుడు ముఖాలు గుర్తించడాన్ని, కొన్ని తీవ్రమైన సందర్భాలు మినహా, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది.

ఠాణాలో కెమెరా

కెమెరా పోలీసుల మీద కూడా పనిచేయాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఠాణా గేటు, లోపలికి, బయటికి వెళ్లే దారులు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, మరుగుదొడ్ల బయటి భాగం ఇవన్నీ కెమెరాల కింద ఉండాలి. చీకట్లోనూ కనిపించాలి, మాటలూ రికార్డవ్వాలి. రికార్డు 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది ఉండాలి. పనిచేయకపోతే సమాధానం చెప్పవలసింది ఆ ఠాణా అధికారే. ఊరి కూడలిలో దృశ్యం నెలకు చెరిగిపోతే, లాకప్ దృశ్యానికి ఏడాదిన్నర గడువు పెట్టడానికి కారణం ఉంది. కస్టడీలో దెబ్బలు తిన్న మనిషి నోరు విప్పడానికి నెలలు పట్టవచ్చు.

ఆ తీర్పులో అంతగా ప్రచారం పొందని అంశం ఒకటుంది. ఈ ఆవరణ కెమెరాల కింద ఉందని, హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు, జిల్లా ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చని, దృశ్యాలను ఒక కనీస గడువు దాకా దాస్తారని, వాటిని భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని తెలిపే పోస్టరును ప్రతి ఠాణా గుమ్మం దగ్గరా, లోపలా, స్థానిక భాషతో సహా, కనిపించేంత పెద్దగా పెట్టాలి. పెద్దవూర అయినా కోదాడ అయినా ఆ పోస్టరు తెలుగులో ఉండాలి.